నాలుకకు కాపలా ఎవరు?

శనివారం ఒంటిపొద్దు ఉండేవాళ్లు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ తక్కువేమీ కాదు. రాత్రి అన్నం ముట్టరు. అన్నం ఖాళీ చేసిన చోటులోకి పెసరట్టూ ఉప్మా వస్తాయి, లేదా పూరీ కూర వస్తుంది. చివర్లో నోటికి కరకరలాడుతూ ఉండడానికి నాలుగు జంతికలో, గుప్పెడు కారప్పూసో చేరుతుంది. ఏకాదశి ఉపవాసానికి సగ్గుబియ్యం కిచిడీ, వేయించిన ఆలుగడ్డ చిప్సూ శాస్త్రసమ్మతమైపోయాయి. దీన్ని కపటభక్తి అని వెక్కిరించడం తేలికే గాని, వెక్కిరించి ఊరుకుంటే అందులో ఉన్న సాక్ష్యం చేజారిపోతుంది. అన్నం మానేయగలిగిన మనిషి రుచిని ఎందుకు మానలేకపోతున్నాడు? ఈ ప్రశ్న గీతకు తెలిసినదే. 2వ అధ్యాయం 59వ శ్లోకం చెప్పేది స్థూలంగా ఇది: తినకుండా ఉన్నవాడికి తిండి దూరమవుతుంది, దాని మీది రుచి దూరం కాదు, పరమాన్ని చూసినప్పుడే అదీ పోతుంది. మరి పరమాన్ని ఇంకా చూడని మనబోటి వాళ్ల మాటేమిటి? డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, తీపి తగ్గించమన్నాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి మనసు మిక్చరు డబ్బా చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. అక్కడ ఓడిన ప్రతిసారీ మనిషి తన మీద తానే ఒక తీర్పు చెప్పుకుంటాడు, నాకు నిగ్రహం లేదని. ఆ తీర్పు చెల్లదని నా వాదన. నాలుక విషయంలో నిగ్రహమంటే ఆకలీ యావా లేని వేళ ముందుగా చేసుకున్న ఏర్పాటు. మతాలు ఉపదేశంలో ఎంత సంకల్పబలం గురించి మాట్లాడినా, ఆచరణలో నమ్ముకున్నది ఆ ఏర్పాటునే.

ముందు ఈ యావ ఎటువంటిదో చూడాలి. భాగవతం 11వ స్కంధంలో అవధూత తన 24 మంది గురువుల్లో చేపను కూడా లెక్కపెడతాడు. గాలానికి గుచ్చిన ఎర రుచికి ఆశపడి అది ప్రాణం పోగొట్టుకుంటుంది. అక్కడే ఇంకో పరిశీలన ఉంది: నిరాహారంగా ఉంటే తక్కిన ఇంద్రియాలు లొంగుతాయి, నాలుక మాత్రం లొంగకపోగా ఇంకా పేట్రేగుతుంది. కడుపు మాడ్చుకుని పథ్యం మొదలుపెట్టిన ఎవరికైనా మూడో రోజుకల్లా అర్థమయ్యే సంగతి ఇది. ఆధునిక శాస్త్రం దీనికి ఒక మెలిక చేర్చింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, ఆయన సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమంటే, కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. మెదడులో రెండింటి వ్యవస్థలూ వేరు. డోపమిన్ పోగొట్టుకున్న ఎలుక ఎదుట తిండి ఉన్నా తినబోదు. నోట్లో తియ్యటి నీళ్లు పోస్తే మాత్రం ఆస్వాదిస్తున్న జంతువులాగే మూతి నాక్కుంటుంది. దీని రెండో ముఖం మనకు సంబంధించినది. ఆనందం ఏమాత్రం పెరగకుండా కోరిక ఒక్కటే పెరగడం కూడా సాధ్యమే. టీవీ ముందు కూర్చుని పొట్లం అడుగుదాకా వెళ్లే చెయ్యి మొదటి రెండు గుప్పెళ్ల తర్వాత రుచి కోసం వెళ్లడం లేదు. నీతిశాస్త్రం ఎప్పుడూ భోగలాలసను తిట్టిపోస్తూ వచ్చింది. ఇక్కడ చూస్తే భోగమే జరగడం లేదు.

ఈ కోరికను ఎదుట ఉన్న తిండి ఎంతగా నడిపిస్తుందో 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం చూపించింది. 20 మందిని నెల రోజులు అక్కడే ఉంచి, రెండు వారాలు బాగా శుద్ధిచేసిన ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు రెండు వైపులా ఇంచుమించు సమానంగా ఉండేలా చూశారు. ఎవరికి కావలసినంత వాళ్లు తినవచ్చు. అవే మనుషులు, అదే సంకల్పబలం. ఫ్యాక్టరీ తిండి దొరికిన రోజుల్లో రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, త్వరగా కూడా తిన్నారు. రెండు వారాలకే కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు, రెండో తిండి మీద అంతే తగ్గారు. పళ్లెంలోది మారితే ప్రవర్తన ఇంతగా మారినప్పుడు, దాన్ని శీలం ఖాతాలో రాయడం ఎలా కుదురుతుంది?

పాతకాలం వాళ్లకు ప్రయోగశాలలు లేవు గాని ఈ కిటుకు తెలుసు. నాకు చాలా ఇష్టమైన సాక్ష్యం బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో ఉంది. కోసల రాజు పసేనది మంచి తిండిపోతు. ఒకనాడు కుంచాల కొద్దీ అన్నం తిని, ఆయాసపడుతూ, రొప్పుతూ శ్రావస్తిలో బుద్ధుడి దగ్గరికి వస్తాడు. బుద్ధుడు ఆయనకు నిర్వాణం గురించి చెప్పడు, తృష్ణ దుఃఖమూలమనే పెద్ద పాఠమూ ఎత్తుకోడు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయి, ముసలితనం మెల్లగా వస్తుంది అనే అర్థం వచ్చే చిన్న గాథ ఒకటి చెబుతాడు. రాజు వెనక సుదస్సనుడనే కుర్రవాడు నిలబడి ఉంటాడు. రాజు ఆ కుర్రవాణ్ణి పిలిచి, ఈ గాథ నేర్చుకో, నా భోజనం వడ్డించినప్పుడల్లా వినిపించు, రోజుకు నూరు కార్షాపణాలు ఇస్తానంటాడు. కొన్నాళ్లకు రాజు తిండి క్రమంగా తగ్గి నాళికెడు అన్నం దగ్గర నిలిచింది. ఒళ్లు తేలికపడి, ఇహానికీ పరానికీ మేలు చేశాడని ఆయన బుద్ధుణ్ణి తలచుకున్నాడని కథ.

ఇందులో ఎన్ని సంగతులు ఉన్నాయో చూడండి. సాక్షాత్తూ బుద్ధుడి నోట విన్న మాట తన మనసులో భోజనం వేళకు నిలుస్తుందని రాజు నమ్మలేదు. ఆ అపనమ్మకమే ఆయన వివేకం. తెల్లవారి చేసుకున్న ప్రతిజ్ఞ రాత్రి విస్తరి ముందు ఎందుకూ కొరగాదని ఆయనకు తెలుసు. అందుకే ఆ మాటను తన తల బయట, మరొకరి గొంతులో పెట్టాడు. సరిగ్గా వడ్డన సమయానికి అది వినపడేలా కట్టడి చేశాడు. మొహమాటపడి కుర్రవాడు మానెయ్యకుండా జీతమూ ఏర్పరిచాడు. వంటలు నిషేధించలేదు, వంటవాళ్లను మాన్పించలేదు. తగ్గడం కూడా ఒక్కసారిగా జరగలేదు. రాజు గారిలో కొత్తగా పుట్టుకొచ్చిన సుగుణం ఏదీ కథలో కనపడదు, పాత రాజే, పాత ఆకలే. మారింది భోజనం దగ్గరి ఏర్పాటు. బౌద్ధం కోరికను వేరుతో సహా పెకిలించాలనే మతం. అటువంటి మతం కూడా గృహస్థుడికి ఇచ్చిన మందు ఇంత సాదాసీదాది.

వ్రతాలను ఈ దృష్టితో చూస్తే వాటి పొందిక తెలుస్తుంది. కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైన ఒక కూరగాయ, ఒక పండు అక్కడ వదిలేసి వస్తారు. (చాలామంది ఎప్పుడూ ఇష్టపడని కాకరకాయను వదిలేసి వస్తారని మనలో మనకు ఓ పరాచికం, దేవుడితో బేరానికి దిగే జాతి కదా.) ఎంత చిన్న వస్తువైనా, ఒకసారి వదిలాక దాని గురించి రోజూ తర్జనభర్జన ఉండదు. ఈ ఒక్కటీ తిందామా, రేపటి నుంచి మానేద్దామా అనే బేరం మొదలవడమే ఓటమి అని తెలిసినవాళ్లు పెట్టిన నియమం అది. చాతుర్మాస్యంలో శ్రావణాన ఆకుకూరలు, భాద్రపదాన పెరుగు, ఆశ్వయుజాన పాలు, కార్తికాన పప్పులు మానడంలో ఇంకో తెలివి ఉంది. మానినదానికి గడువు ఉంది, తిరిగి దొరుకుతుందనే భరోసా ఉంది. జైనులు బాహ్య తపస్సుల్లో రసపరిత్యాగాన్నీ, కడుపు కాస్త వెలితిగా ఉండగానే లేవడాన్నీ రెండు వేర్వేరు సాధనలుగా లెక్కపెట్టారు. ఎంత తింటున్నామనేది ఒక సమస్య, ఎంత రుచి కోరుతున్నామనేది మరొకటి అని వాళ్లు గుర్తించారన్నమాట. ఇవన్నీ మనిషి బలహీనుడనే అంచనా మీద కట్టినవే. బలవంతుడికి వ్రతంతో పనేముంది?

నియమం అనేది పైనుంచి వచ్చి పడ్డ ఊతకర్ర మాత్రమే, అసలు జయం లోపలిది కదా అని వేదాంతులు అడుగుతారు. గట్టి ప్రశ్న. రుచి కూడా పోవడమే గీత పెట్టిన గమ్యం. డబ్బా అటక మీద పెట్టి తాళం వేసుకున్నవాణ్ణి జితేంద్రియుడని ఎవరూ అనరు. ఒప్పుకుంటాను. కాని అదే గీత ఆ మరుసటి శ్లోకంలోనే, ప్రయత్నించే విద్వాంసుడి మనసును సైతం ఇంద్రియాలు బలవంతాన లాక్కుపోతాయని హెచ్చరిస్తుంది. 6వ అధ్యాయంలో మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని మితం చెబుతుంది. గమ్యం ఒకటి, దారి మరొకటి. సంత్ అగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’ 10వ భాగంలో ఈ ఇబ్బందిని నాకు తెలిసి అందరికంటే నిజాయితీగా చెప్పుకున్నాడు. స్త్రీ సాంగత్యాన్ని ఒక్కసారిగా తెంచుకోగలిగాడు గాని తిండిని అలా తెంచుకోలేనని ఆయన బాధ. రోజూ తినాలి, తిన్న ప్రతిసారీ అడుగుతున్నది శరీరమా, సుఖమా తేలదు. పైగా ఆ తేలకపోవడాన్ని మనసు సాకుగా వాడుకుంటుంది. గాంధీ ఆశ్రమ వ్రతాల్లో అస్వాదాన్ని చేర్చి, తిండిని మందులా తినమన్నవాడు. ఆయన కూడా 1915లో హరిద్వారం కుంభమేళాలో తీసుకున్నది అంకెలతో కూడిన నియమం: రోజు మొత్తంలో అయిదు పదార్థాలకు మించకూడదు, చీకటి పడ్డాక తినకూడదు. ఆతిథ్యం పేరుతో తన చుట్టూ పేరుకుపోతున్న వంటకాలను చూసి ఆయన అలా కట్టుబడ్డాడు. అంతటి పట్టుదల గలవాడికే లెక్క కావలసి వచ్చినప్పుడు, సాయంత్రం ఆఫీసు నుంచి అలసి వచ్చే గుమాస్తాను లోపలి బలం మీద ఆధారపడమనడం న్యాయం కాదు.

ఊతకర్రగా మొదలైనది ఊతకర్రగానే ఉండిపోతుందన్నదీ నిజం కాదు. చరక సంహిత సూత్రస్థానం 7వ అధ్యాయంలో, అలవాటైన అహితాన్ని పాదం చొప్పున, అంటే నాలుగో వంతు చొప్పున, విడిచిపెడుతూ హితాన్ని అదే కొలతలో చేర్చుకోవాలని ఉంది. అలా క్రమంగా తగ్గిన దోషాలు తిరిగి రావు, క్రమంగా వచ్చిన గుణాలు కదలవు. విమానస్థానంలో చరకుడు అతిగా వాడకూడని మూడింటిలో పిప్పలితో, క్షారంతో పాటు ఉప్పునూ చేర్చి, పాలలో కూడా ఉప్పు వేసుకుని తినే ప్రాంతాల వాళ్లను ఉదాహరించాడు. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనల్ని చూసి ఉంటే ఏమనేవాడో! ఇప్పటి పరిశోధనలు ఇక్కడ చరకుణ్ణి సమర్థిస్తున్నాయి. ఉప్పు తగ్గించి తినేవాళ్లకు మొదట అన్నీ చప్పగా తోస్తాయి. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు గడిస్తే తక్కువ ఉప్పే ఇంపుగా ఉంటుంది, పాత మోతాదు మరీ ఉప్పగా తోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ మాటా అదే. ఒక్కరోజులో అక్కడికి దూకినవాడు వారంలో వెనక్కి వస్తాడు, పాదం చొప్పున దిగినవాడికి నాలుక తోడు వస్తుంది. గీత చెప్పిన రుచి తొలగడానికి ఇది సమానం కాదు, ఆ పోలిక తేవడం అతి. కాని రుచి అనేది మారని ప్రకృతి కాదని, ఏర్పాటు బయట మొదలై లోపలికి నడుస్తుందని ఇది రుజువు చేస్తుంది. రాజస ఆహారం పట్టికలో గీత ఉప్పూ కారాలను చేర్చింది కాబట్టి మన వంటంతా దోషమేనా అని కంగారుపడేవాళ్లకు శంకర భాష్యం ఊరటనిస్తుంది: అక్కడి ‘అతి’ని పట్టికలోని అన్నింటికీ కలుపుకోవాలంటారు శంకరులు.

అయితే ఈ వాదనకు తగిలే అసలైన దెబ్బ వేదాంతం నుంచి కాదు, వంటింటి నుంచి వస్తుంది. పాత ఏర్పాట్లలో అన్నిటికంటే గట్టిది వ్రతమూ కాదు, గాథా కాదు, శ్రమ. అరిసెలకు బియ్యం నానబెట్టాలి, తడిపిండి దంచాలి, బెల్లం పాకం సరిగ్గా అందుకోవాలి, నూనెలోంచి తీసిన వెంటనే చెక్కలతో వత్తాలి. సకినాలకు పిండిలో నువ్వులూ వామూ కలిపి, బట్ట మీద చేత్తో చుట్టు వెంట చుట్టు తిప్పుకుంటూ పోవాలి. ఇంటికి పదిమంది ఆడవాళ్లు కూడితే గాని తెమలదు. కనుక అవి సంక్రాంతికే. చిరుతిండి ఒక పండక్కి, ఒక పెళ్లికి, ఒక సీమంతానికి కట్టుబడి ఉండేది. సందర్భం అయిపోతే అదీ అయిపోయేది. ఇప్పుడు వీధి చివర స్వగృహ దుకాణంలో అరిసెలూ సకినాలూ ఆషాఢంలోనూ దొరుకుతాయి, అదే పొట్లం డాలస్‌కూ మెల్‌బోర్న్‌కూ పార్సెల్‌లో వెళుతుంది. ఇందులో పోయినదేమిటో చెప్పడం తేలిక, ఆ పోయినదాన్ని కోరుకోవడం మాత్రం అంత నిర్దోషమైన పని కాదు. ఆ మితానికి వెల కట్టింది పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్లు. మగవాడి నిగ్రహమనిపించినది చాలాసార్లు భార్యా తల్లీ పడిన నడుం నొప్పి. కాబట్టి పాత రోజుల్లోకి వెళదామనే సలహా నేనివ్వను. సందర్భానికి తిండిని ముడివేసే పని మిగిలే ఉంది, శ్రమ చేసిపెట్టిన ఆ ముడిని ఇకపై నిర్ణయం వెయ్యాలి. అందరూ కలిసి వెయ్యాలి. ఇంట్లో తీపి ఆదివారానికే అని అందరూ ఒప్పుకోవడం, పొట్లంలోంచే కాక చిన్న గిన్నెలో పోసుకుని కూర్చుని తినడం, నాలుగు గంటలకు నిజంగానే ఆకలి వేసేవాళ్లకు ఉడికించిన సెనగలో, వేయించిన పల్లీలో ముందే సిద్ధంగా ఉండడం, సరుకుల చీటీ కడుపు నిండి ఉన్నప్పుడు రాయడం. చూడ్డానికి ఇవి చిల్లర ఉపాయాలు. పసేనది చేసిందీ అటువంటిదే.

ఇదంతా వ్యక్తి మీదా ఇంటి మీదా పెట్టి, యావ పుట్టించడమే వ్యాపారంగా పెట్టుకున్నవాణ్ణి వదిలేస్తారా అని ఇంకొకరు అడగవచ్చు. వదలకూడదు. ఎంత ఉప్పు, ఎంత తీపి, ఎంత కరకర ఉంటే చెయ్యి ఆగదో లెక్కగట్టి తయారుచేసిన సరుకు ఎదుట ఒక్క మనిషిని నిలబెట్టి ధర్మోపదేశం చెయ్యడం అధర్మం. చిలీ దేశం 2016లో ఉప్పు, చక్కెర, కొవ్వు, కేలరీలు మితిమీరిన పొట్లాల ముందువైపు నల్లటి అష్టభుజి ముద్రలు తప్పనిసరి చేసింది. తినబోయే క్షణంలో కంటికి కనపడే మాట అది. ఇల్లు చేయగలిగిన ఏర్పాటుకు ప్రభుత్వం చేయగలిగిన కొనసాగింపు. మన దగ్గర 2022లో వచ్చిన ముసాయిదా హెచ్చరికల బదులు నక్షత్రాలు ప్రతిపాదించింది. చిప్స్ పొట్లానికి ఒకటిన్నర నక్షత్రం వచ్చినా అది బహుమతిలాగే కనపడుతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్కగట్టాక కూడా ఈ విషయంలో మీనమేషాలు లెక్కించడం నాకు అర్థం కాదు.

చివరి అభ్యంతరం కొత్తది. సెమాగ్లూటైడ్ వంటి ఇంజక్షన్లు వారానికొకటి పొడిపించుకుంటే తిండి గురించి మనసులో సాగే రొద అణిగిపోతోందని వాడినవాళ్లలో చాలామంది చెబుతున్నారు. మందుతో పోయే కోరికకు వ్రతాలూ గాథలూ ఎందుకు? నా వాదనకు ఇది ఎదురుదెబ్బ అనుకోను, పెద్ద సమర్థన అనుకుంటాను. సూదిమందుతో తగ్గేది పాపమైతే వైద్యుడు పురోహితుడైపోవాలి. యావ శరీరధర్మమని, దాన్ని బట్టి మనిషి యోగ్యతను తూచకూడదని ఈ మందు తేటతెల్లం చేసింది. అవసరమైనవాళ్లు వాడితే వాళ్ల నిగ్రహం తక్కువరకం అనడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే మందు ఆపిన చాలామందిలో ఆకలీ బరువూ తిరిగి వస్తున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. రొద అణిగినన్నాళ్లూ ఇంట్లో ఏం వండుతున్నారు, ఏం కొంటున్నారు, పిల్లల ముందు సాయంత్రం ఏ గిన్నె పెడుతున్నారు అనేవి మందు తేల్చే విషయాలు కావు. అవి తేల్చుకోవడానికి మాత్రం నోరూరని ఆ కొన్ని నెలలకు మించిన అదను దొరకదు.